చిన్నమడి చుట్టాలు

"దోంగ్‌ఖే గ్రామ ప్రజలకు తెలియజేయడమేమనగా, మన గ్రామం ఈ ఏడాది కూడా ఆదర్శ సురక్షిత కూరగాయల గ్రామంగా ఎంపికైనది. కావున ప్రతి కుటుంబమూ అమ్మకానికి పండించే కూరగాయలకూ, తినడానికి పండించే కూరగాయలకూ మధ్య తగినంత దూరం పాటించవలసిందిగా కోరడమైనది. పెద్దమడికి మందు కొట్టేవారు గాలివాటం చూసుకుని, ఊరివైపు కాకుండా హనోయ్ వైపు వీస్తున్నప్పుడే కొట్టవలెను. మన ఆరోగ్యమే మన మహాభాగ్యము."

పంచాయతీ ముందున్న స్తంభం మీది మైకు తెల్లవారకముందే ఈ మాటలు చెప్పి, రెండుసార్లు దగ్గి, ఒక దేశభక్తి పాట వేసి ఊరుకుంది. ఊరు యథాప్రకారం లేచింది. బాతులు కాలవలోకి దిగాయి. మగవాళ్ళు ముక్కుకి గుడ్డ కట్టుకుని, మందు పంపులు వీపుకి తగిలించుకుని పెద్దమళ్ళ వైపు నడిచారు. ఆ ప్రకటనలో వింత ఏముందో ఎవరికీ తోచలేదు. నవ్వినది ఒక్క దియెప్ మాత్రమే.

ఆమె మాటను అంతగా పట్టించుకోనక్కర్లేదు. పెళ్ళయి ఇంకా తలుపు మీది ఎర్రకాగితాలైనా ఊడలేదు. ఆ రోజుల్లో ఆమె అన్నిటికీ నవ్వేది. మైకు దగ్గితే నవ్వేది, బాతులు వరసలో వెళ్తే నవ్వేది, మొగుడు ఖాయ్ హెల్మెట్ తిరగేసి పెట్టుకుని మోటార్‌సైకిలు మీద బయల్దేరితే వాకిట్లో కూలబడి నవ్వేది. హనోయ్‌లో ఐదో అంతస్తులో పుట్టి పెరిగిన పిల్లకి నేల మీద నిలబడడమే పెద్ద వినోదం.

చదువుకున్న పిల్లే. ఆహార సాంకేతిక శాస్త్రంలో పట్టా ఉంది. ఆకుకూరల్ని ఉప్పునీళ్ళలో ఎంతసేపు నానబెడితే వాటి మీది మందు ఎంత పోతుందన్నది ఆమె చివరి ఏడాది పరిశోధన. ఎంతసేపు నానబెట్టినా ముందుగా పోయేది రుచేనని తేల్చి, మంచి మార్కులు తెచ్చుకుంది.

ఆ విషయం ఎంచుకోవడానికి కారణం వాళ్ళమ్మ హ్వే. హ్వే రోజూ మేడ కింద బజారులో ఆకుకూరలు కొనేది. మచ్చా మరకా లేని, అద్దంలాంటి ఆకులే ఏరి కొనేది. ఇంటికి తెచ్చి, అంత అందంగా ఉన్నాయంటే వీటిలో ఏదో ఉండే ఉంటుందని భయపడేది. ముందు ఉప్పునీళ్ళు, తరవాత వెనిగరు నీళ్ళు, ఆపైన బుడగలు వదిలే యంత్రం. ఆ ఇంట్లో మనుషులకన్నా ఆకుకూరలే ఎక్కువసార్లు స్నానం చేసేవి. చివరికి నోట్లో పెట్టుకున్నాక కూడా ఆవిడ పరీక్ష ఫలితాల కోసం చూస్తున్నట్టు నమిలేది. అమ్మ ఆకుకూరని ఇష్టంగా తినగా దియెప్ తన జన్మలో చూడలేదు. ఒక్కసారైనా చూడాలన్నది ఆమె కోరిక. పెద్ద పెద్ద కోరికలు కోరుకునే వయసే అయినా, ఇది చిన్నదే కదా అనుకుంది.

అత్తవారింట్లో తొలి భోజనానికి తూటికూర ఉడకబెట్టారు. ఉడికిన నీళ్ళలో నిమ్మకాయ పిండి చారు చేశారు. దియెప్ అన్నం తినే పుల్లలతో ఒక ఆకు ఎత్తి చూస్తే, అది జల్లెడలా ఉంది. రెండో ఆకుతోపాటు పచ్చటి పురుగొకటి, ఉడికి, గౌరవంగా పడుకుని వచ్చింది.

"అత్తయ్యా! పురుగు!"

అత్తగారు థోవా గర్వంతో వికసించింది. "ఉండదూ మరి? చిన్నమడిది కదా. పక్కన పెట్టేసి తిను. పురుగు ముట్టని ఆకు మేమూ ముట్టం. వెనక రాజుల భోజనం ముందు ఎవరో రుచి చూసేవాళ్ళట. మాకు వీళ్ళున్నారు."

"మరి పెద్దమడిలో పురుగు..."

"దాని మొహం, పెద్దమడిలో పురుగా? పక్కనుంచి పోయినా పైలోకమే," అన్నాడు ఖాయ్, పెళ్ళాం గిన్నెలో ఇంకో చిల్లుల ఆకు వేస్తూ. కొత్త పెళ్ళికొడుకులు వేసే కానుకలు ఆ ఊళ్ళో అలాగే ఉంటాయి.

అప్పుడు తెలిసింది దియెప్‌కి, దోంగ్‌ఖేలో ప్రతి ఇంటికీ రెండు మళ్ళని. ఊరి బయట, ఎర్రనది వైపు పరుచుకుని ఉండేది పెద్దమడి. అది అమ్మకానికి. పెరట్లో బావి పక్కన చాపంత ఉండేది చిన్నమడి. అది ఇంటికి. ఇందులో అన్యాయం ఉందని ఊళ్ళో ఎవరూ అనుకోరు. అనుకోవలసిన పనీ లేదు. హనోయ్ వాళ్ళు కట్ట తిప్పి చూసి, ఒక్క చిల్లు కనబడితే విసిరికొడతారు. చిల్లులేని ఆకు కావాలన్నారు, ఇస్తున్నారు. చౌకగా కావాలన్నారు, ఇస్తున్నారు. ఏడాది పొడుగునా కావాలన్నారు, అదీ ఇస్తున్నారు. అడిగినవన్నీ ఇచ్చేవాణ్ణి మోసగాడనడం ఎక్కడైనా ఉందా?

దియెప్ మనసులో మాత్రం వేరే లెక్క నడుస్తోంది. మర్నాడు పొద్దున్న చిన్నమడి ముందు గొంతుక్కూర్చుని, "అత్తయ్యా, అమ్మకి ఒక్క కట్ట పంపుతాను," అంది.

థోవా చేతిలో కొడవలి ఆగింది. మంచి మనిషే. కానీ చిన్నమడి ఆకు గేటు దాటడమంటే సామాన్యం కాదు. "పంపుదువుగానీ అమ్మాయ్, చిన్నమడిది చుట్టాలకే ఇవ్వాలి. వియ్యపురాలు చుట్టమా, పరాయా అన్నది నేను తేల్చలేను. ఇవాళ వియ్యపురాలంటారు, రేపు వియ్యపురాలి అన్నగారంటారు. ఊరన్నాక కట్టుబాటుంది. తావ్ గారు చెప్పాలి."

తావ్ గారు గ్రామపెద్ద. మైకులో మాట్లాడి మాట్లాడి ఇంట్లో కూడా అలాగే మాట్లాడతాడు. "టీ ఇవ్వవలసిందిగా కోరడమైనది," అంటాడు పెళ్ళాంతో. ఆవిడ కూడా, "పరిశీలనలో ఉన్నది," అని జవాబిస్తుందని వినికిడి. ఆయన దియెప్ విన్నపాన్ని ఓపికగా విని, గ్రామ మండపంలో పెద్దల్ని కూర్చోబెట్టి, సాయంత్రానికల్లా తీర్పు చెప్పాడు.

"రక్తసంబంధం అనేది కంటికి కనబడదు. కనబడని దాన్ని గ్రామ పాలనకు ఆధారం చేసుకోలేము. కావున ఎవరైతే మన పెద్దల తద్దినానికి వచ్చి, పీఠం ముందు అగరొత్తి వెలిగించి, మన చాప మీద కూర్చుని, మన పళ్ళెంలో తిని, వెళ్ళేటప్పుడు ఆనవాయితీ ప్రకారం వాటా మూట పట్టుకెళ్తారో వారే చుట్టాలు. వాటా మూటలో చిన్నమడి ఆకు పెట్టవచ్చును."

ఊరంతా చప్పట్లు కొట్టింది. ఇంత తెలివైన తీర్పు తమకెందుకు తోచలేదా అని అందరూ ఆశ్చర్యపోయారు. ఆ ఆశ్చర్యం చాలాకాలం మిగిలింది.

అదృష్టం కొద్దీ థోవా ఇంట్లో తద్దినాలకు లోటు లేదు. ఆవిడ మామగారు దిన్ తాతది ఆ నెలలోనే పడింది. దియెప్ అమ్మానాన్నలు బస్సెక్కి వచ్చారు. నాన్న లుక్, హనోయ్ సిటీ బస్సుల్లో జీవితమంతా టిక్కెట్లకు చిల్లులు కొట్టి రిటైరయినవాడు. ఎన్నడూ చూడని దిన్ తాత పటం ముందు నిలబడి, నియమంగా అగరొత్తి వెలిగించాడు. హ్వే చాప మీద కూర్చుని, పళ్ళెంలో జిగురన్నం, ఉడికించిన కోడి, తూటికూర చూసి, అలవాటు కొద్దీ చిన్నగా అడిగింది: "వదినగారూ, కాస్త ఉప్పునీళ్ళు..."

"అక్కర్లేదమ్మా. ఇది చూడు," అంది దియెప్, పెరట్లోంచి తుంపిన పచ్చి ఆకొకటి చేతికిస్తూ.

హ్వే ఆకును వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. ఒక చిల్లులోంచి కూతురి కన్ను కనబడింది, నవ్వుతూ. ఆవిడ ఆకు దించి, పళ్ళెంలోని ఉడికిన కూర ఒక ముద్ద ఎత్తి, కళ్ళు మూసుకుని నోట్లో పెట్టుకుంది. నమిలింది. కళ్ళు తెరిచింది. ఇంకోసారి పెట్టుకుంది. మూడోసారి ఎవరైనా వడ్డిస్తారేమోనని చూడకుండా గిన్నె తన వైపు లాక్కుంది. దియెప్ ఆ పూట వంటింట్లోకి వెళ్ళి, ఉల్లిపాయలు తరిగే పనేమీ లేకపోయినా కళ్ళు తుడుచుకుంది.

కథ ఇక్కడ ఆగిపోతే అందరూ సుఖంగా ఉండేవారు. కానీ లుక్ గారు వాటా మూట పట్టుకుని మేడమెట్లెక్కుతుంటే, మూటలోంచి ఒక ఆకు బయటికి వేలాడింది. నాలుగో అంతస్తు ఆవిడ చూసింది.

"అన్నయ్యగారూ, ఈ ఆకుకి చిల్లులున్నాయేమిటి?"

"చుట్టాలం కదమ్మా," అన్నాడు లుక్ గారు, బస్సులో పాస్ చూపించే పెద్దమనిషి ధోరణిలో.

ఆ రాత్రికే మేడ మొత్తానికి పాకింది. పల్లెవాళ్ళు తినేది వేరు, మనకి అమ్మేది వేరు అన్న సంగతి హనోయ్‌లో అందరికీ ఎప్పట్నుంచో తెలుసు. తెలియనిదల్లా రెండోదాంట్లోంచి మొదటిదాంట్లోకి దారి ఎక్కడుందని. ఇప్పుడు దారి దొరికింది. అది శ్మశానం మీదుగా వెళ్తోంది. పొద్దున్నే లుక్ గారి గుమ్మం ముందు చుట్టుపక్కల వాళ్ళు నిలబడి, "మాక్కూడా ఏదైనా తద్దినం చూసిపెట్టండి," అని వేడుకున్నారు.

దిన్ తాత భార్య తద్దినానికి మేడ మేడంతా నల్లబట్టల్లో దిగింది. పీఠం ముందు పొగ పట్టలేక పటమే దగ్గుతుందేమో అనిపించింది. నాలుగో అంతస్తు ఆవిడ పటం కాళ్ళ దగ్గర పడి, "అమ్మమ్మా! మమ్మల్ని వదిలి వెళ్ళిపోయావా!" అని గుండెలు బాదుకుంటే, తన అత్తగారు పోయిన రోజున కూడా అంత ఏడవని థోవా ఆవిణ్ణి ఓదార్చలేక సతమతమైంది. ఏడుపు ముగిశాక ఆవిడ ముక్కు తుడుచుకుని, "నా వాటాలో సోయికూర కూడా వెయ్యండి పిన్నీ," అంది.

ఆ తరవాత దోంగ్‌ఖేలో చనిపోయినవాళ్ళకి మంచి రోజులొచ్చాయి. ఎవరూ తలచుకోని ముత్తాత తమ్ముళ్ళు తలపుకొచ్చారు. పెళ్ళికాకుండా పోయిన మేనత్తలకి మనవలు పుట్టుకొచ్చారు. తద్దినాలు అయిపోయిన ఇళ్ళవాళ్ళు పక్కింటివాళ్ళ దగ్గర చేబదులు తెచ్చుకున్నారు. ఒకే తాత కోసం రెండిళ్ళు కొట్టుకుంటే, తావ్ గారు ఆయన్ని ఉదయం ఒకరికీ, మధ్యాహ్నం ఒకరికీ కేటాయించాడు. మైకు ప్రతి శనివారమూ రేపటి తద్దినాలు చదివేది. హనోయ్ నుంచి బస్సులు వచ్చేవి. పెద్దల పట్ల నేటి తరానికి భక్తి తగ్గిపోతోందని పత్రికల్లో రాసేవాళ్ళు ఒకసారి దోంగ్‌ఖే వచ్చి చూసుంటే, కలం కిందపెట్టి అగరొత్తి అందుకునేవారు.

చుట్టాలు పెరిగితే చిన్నమడి చాలదు కదా. ఒక్కొక్కరే పెద్దమడిలో ముక్క చిన్నమడిలో కలుపుకున్నారు. చివరికి ఎర్రనది దాకా ఉన్నదంతా చిన్నమడే అయింది. ఇంత పెద్ద చిన్నమడి ప్రపంచంలో ఇంకెక్కడా లేదని తావ్ గారు ప్రకటించాడు.

చిక్కల్లా పురుగులతో వచ్చింది. అవి ఒక చాపంత మడికి అలవాటుపడ్డ ప్రాణులు. ఇష్టమైనప్పుడు తింటాయి, లేకపోతే నిద్రపోతాయి. లక్ష్యం పెట్టి పనిచెయ్యడం వాటికి రాదు. చిల్లులు చాలక చుట్టాలు నొచ్చుకున్నారు. "ఏమిటి పిన్నీ, ఈసారి కట్టంతా నున్నగా ఉంది? మేం అంత పరాయివాళ్ళమైపోయామా?" అని ముఖం మీదే అడిగారు.

పరువుగల కుటుంబాలు ఇలాంటి మాట పడగలవా? మొదట్లో ఆడవాళ్ళు కూర్చుని అగరొత్తులతో ఆకులకి చిల్లులు కాల్చారు. అంచులు నల్లబడ్డాయి. చుట్టాలు వాసన చూసి, ఇందులో భక్తి కూడా ఉందని మెచ్చుకున్నారు. కానీ వేళ్ళు కాలాయి. ఆ సమయంలోనే, దేవుడు పంపినట్టు, హరిత హృదయం అనే కంపెనీ వాళ్ళు చిల్లుల యంత్రం తెచ్చారు. ఒక పక్క నుంచి నున్నటి ఆకు వెళ్తుంది, ఇంకో పక్క నుంచి సంప్రదాయం బయటికొస్తుంది.

యంత్రానికి రిబ్బను కత్తిరించిన రోజున గ్రామ మండపంలో సదస్సు కూడా పెట్టారు. అంశం: మన తిండి ఎటు పోతోంది? హనోయ్ నుంచి ఇద్దరు నిపుణులు వచ్చారు. మొదటాయన ఆధునిక వ్యవసాయం లేకపోతే లోకం ఆకలితో చస్తుందనీ, పురుగుల మీద ఆధారపడడం వెనకబాటుతనమనీ అన్నాడు. రెండో ఆయన ఆధునిక వ్యవసాయంతోనే లోకం చస్తోందనీ, మళ్ళీ ప్రకృతి ఒడికి పోవాలనీ అన్నాడు. ఒకరినొకరు అజ్ఞాని అనుకున్నారు. బల్ల గుద్దారు. నీళ్ళు ఒలికాయి. ఇద్దరూ చెప్పినదానికీ ఊరు సమానంగా చప్పట్లు కొట్టింది.

తావ్ గారు ముగింపు పలికాడు. "పురుగు వ్యవసాయమా, యంత్ర వ్యవసాయమా అనే చర్చకు మన గ్రామం శాశ్వతంగా తెర దించింది. యంత్రం వేసినా చిల్లు చిల్లే! ఇకపై ప్రతి ఆకుకూ సమాన సంఖ్యలో, సమాన కొలతలో చిల్లులుంటాయి. ధనిక చుట్టం, పేద చుట్టం అనే తేడా ఉండదు. పురుగు పక్షపాతి. యంత్రం నిష్పక్షపాతి!"

సదస్సు అయ్యాక భోజనాల దగ్గర దియెప్ వడ్డిస్తుంటే, మొదటి నిపుణుడు వెనక్కి వంగి గుసగుసగా, "అమ్మాయ్, ఇది కాకుండా... ఇంట్లోది ఏమైనా ఉందా?" అన్నాడు. రెండో నిపుణుడు ఇంకో పక్కనుంచి, "ఆయనకిస్తే నాకూ ఇవ్వాలి," అన్నాడు. ఆ రోజు వాళ్ళిద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చిన అంశం అదొక్కటే.

యంత్రం వచ్చాక పురుగులతో కొత్త ఇబ్బంది మొదలైంది. అక్కడక్కడా మిగిలినవి కొన్ని, యంత్రం వేసిన గుండ్రటి చిల్లుల పక్కన తమ ఇష్టం వచ్చినట్టు వంకర చిల్లులు పెట్టి సరుకు పాడుచేశాయి. ఆకు అందం కాపాడడానికి మళ్ళీ మందు తీసి, రెట్టింపు కొట్టవలసి వచ్చింది.

అందరూ సుఖంగా ఉన్నారు. కానీ పురుగు ముట్టని ఆకు థోవా ముట్టదు కదా. ఒక ఉదయం దియెప్ పందులదొడ్డి వెనక్కి వెళ్తే, పాత దోమతెర కింద చాపలో సగమంత మడి కనబడింది. అందులో తూటికూర, నాలుగు సోయికూర మొక్కలు, ఒక ఆకు మీద ఒళ్ళు విరుచుకుంటున్న పచ్చపురుగు. చాలా రోజులకు కనబడిన ఆత్మబంధువును చూసినట్టు దియెప్ మురిసిపోయి, మోటార్‌సైకిలు ఎక్కబోతున్న మొగుణ్ణి చెయ్యి పట్టి లాక్కొచ్చి చూపించింది. ఇద్దరూ దోమతెర ఎత్తి పట్టుకుని, అది ఆకు అంచు నుంచి మధ్యదాకా తినేవరకు కూర్చున్నారు.

"చూశారా, ఎంత వంకరగా తింటోందో!"

"నువ్వు తినేదీ అలాగేగా," అన్నాడు ఖాయ్. ఆమె అతని హెల్మెట్ మీద ఒక్కటిచ్చింది.

అత్తగారి దగ్గరికి వెళ్ళి, "అత్తయ్యా, మూడో మడిలోంచి అమ్మకి..." అనబోయింది.

"ఏ మూడో మడి?" అంది థోవా, తలెత్తకుండా.

"పందులదొడ్డి వెనక."

"అక్కడేం మడి లేదే. ఉంటే తావ్ గారు మైకులో చెప్పరూ? లేని మడిలోంచి ఎలా ఇస్తామమ్మా? మీ అమ్మ చుట్టమే కదా, చుట్టాలకు ఇచ్చేది ఇస్తూనే ఉన్నాంగా."

అదీ నిజమే. హ్వే ప్రతి తద్దినానికీ వచ్చి, వాటా పట్టుకెళ్తూనే ఉంది. చిల్లులున్నాయి కదా అని ఉప్పునీళ్ళు మానేసింది. వెనిగరు మానేసింది. బుడగల యంత్రం ఎవరికో ఇచ్చేసింది. ఫోనులో, "ఇప్పుడు హాయిగా తింటున్నానే," అని చెప్తే, దియెప్ సరేనని ఫోను పెట్టేసేది. జన్మలో ఒక్కసారి చూడాలనుకున్నది ఇప్పుడు రోజూ జరుగుతోంది. అదే ఆమెకు నిద్ర పట్టనివ్వడం లేదు.

ఏడాది తిరిగి మళ్ళీ దిన్ తాత తద్దినం వచ్చింది. చాపలు ఇల్లు దాటి, వీధి దాటి, పంచాయతీ స్తంభం దాకా పరిచారు. దియెప్ వడ్డిస్తూ వడ్డిస్తూ అమ్మ పళ్ళెం దగ్గరికి వచ్చింది. హ్వే పుల్లలతో ఆకు ఎత్తింది. అయిదు చిల్లులు, అయిదూ గుండ్రంగా, పండగ బట్టల మీద చుక్కల్లా ఉన్నాయి. ఆకు నోటి దగ్గరికి వెళ్తుండగా, దియెప్ చెయ్యి తనంత తానే కదిలి ఆ పుల్లల్ని పట్టుకుంది.

"తినకమ్మా! అవి పురుగు తిన్న చిల్లులు కావు. యంత్రంతో కొట్టినవి. ఈ ఆకులన్నీ పెద్దమడివే. మందు రెట్టింపు కొట్టినవి!"

వీధి వీధంతా పుల్లలు గాలిలో ఆగిపోయాయి. ఖాయ్ జిగురన్నం గిన్నెతో కొయ్యబారిపోయాడు. థోవా ముఖం పీఠం మీది పటాల్లో కలిసిపోయేలా ఉంది. చుట్టాలందరూ తమ తమ ఆకుల్ని వెలుతురుకి ఎత్తి చూసుకున్నారు.

ముందుగా నోరు విప్పింది నాలుగో అంతస్తు ఆవిడ. "అయితే ఏమిటమ్మాయ్? మా మేడ కింద వాడు అదే ఆకు చిల్లులైనా కొట్టకుండా అమ్ముతాడు. వీళ్ళు పాపం మనకోసం ఇంత శ్రమపడి చిల్లులు కొడుతున్నారు. ఆ మాత్రం మర్యాద ఈ రోజుల్లో ఎవరు చేస్తున్నారు?"

"నిజమే, నిజమే," అన్నారు చుట్టాలు. పుల్లలు కదిలాయి. నమిలే చప్పుడు మళ్ళీ మొదలైంది.

దియెప్ అమ్మ వైపు చూసింది. హ్వే గొంతు తగ్గించి చెప్పింది: "నాకు తెలుసే. మీ నాన్న జీవితమంతా టిక్కెట్లకి కొట్టినవి ఇవే. కొట్టిన చిల్లు నేను గుర్తుపట్టలేనా?"

"తెలిసి ఎందుకు తింటున్నావమ్మా?"

"నువ్వు వడ్డించావని."

పట్టా పుచ్చుకున్నప్పుడు గానీ పెళ్ళప్పుడు గానీ తెలియని సంగతేదో దియెప్‌కి అప్పుడు తెలిసింది. అదేమిటో చెప్పడం కన్నా పరుగెత్తడమే ఆమెకు తేలికనిపించింది. పందులదొడ్డి వెనక్కి పోయి, దోమతెర లాగిపారేసి, మడి మొత్తం వేళ్ళతో సహా పీకి, మరుగుతున్న నీళ్ళలో ముంచి తీసి, వీధంతా చూస్తుండగా తెచ్చి అమ్మ గిన్నెలో పోసింది. ఎలా తప్పించుకుందో, పచ్చపురుగొకటి ఆమె పొడవాటి చొక్కా అంచు మీంచి దిగి, చాప మీద నింపాదిగా నడుచుకుంటూ పోయింది.

ఈసారి పుల్లలు నిజంగా ఆగాయి. ఆ ఊళ్ళో బతికున్న పురుగును చూసి చాలా కాలమైంది. ఊరివాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఎందుకంటే అందరికీ పందులదొడ్లున్నాయి, దొడ్లకి వెనక భాగాలున్నాయి, ఇళ్ళలో పాత దోమతెరలు కనబడక కొన్ని నెలలయింది.

"ఇదెక్కడిది?" అంది నాలుగో అంతస్తు ఆవిడ. ఆ గొంతులో, అత్తింటి ఆస్తిలో ఇంకో వాటా ఉందని కొత్తగా తెలిసిన కోడలి ఆవేదన ఉంది.

థోవా లేచింది. కోడల్ని చంపేస్తుందనే అందరూ అనుకున్నారు. ఆవిడ చీపురు తీసినా ఆశ్చర్యపడేవాళ్ళు లేరు. కానీ పరువు అనేది చీపురు కన్నా బరువైన వస్తువు. "నేనే పెట్టమన్నాను," అంది గట్టిగా. "వియ్యపురాలు. పిల్లనిచ్చిన మనిషి. ఆవిడ కోసమే ప్రత్యేకంగా పెంచాను. తినండి వదినగారూ, చల్లారిపోతుంది!" అని, గిన్నె హ్వే వైపు ఇంకాస్త జరిపి, తిరిగి వెళ్తూ కోడలి జబ్బ మీద గుర్తుండేలా ఒక్కటి గిల్లింది.

హ్వే తింది. కళ్ళు మూసుకోలేదు. ఒక ముద్ద తాను తిని, ఒక ముద్ద వియ్యపురాలి గిన్నెలో వేసింది. థోవా వద్దంటూనే తింది.

వీధి చివర స్తంభం దగ్గరున్న తావ్ గారు ఈలోగా మైకు అందుకోనే అందుకున్నాడు. మర్నాటి ప్రకటన అప్పుడే వెలువడింది. "గ్రామంలో మూడో మడి ఉన్నట్లు ఈ రోజే మా దృష్టికి వచ్చినది. దీన్ని హర్షిస్తూ క్రమబద్ధం చేయడమైనది. ఇకమీదట చుట్టాలు రెండు రకములు. దూరపు చుట్టాలకు రెండో మడి. దగ్గరి చుట్టాలకు మూడో మడి. దగ్గరి చుట్టాలు కాదలచినవారు తద్దినాలతో సరిపెట్టుకోకుండా, మన పెద్దలు బతికి ఉండగానే వచ్చి ఏడవవలసి ఉంటుంది. నమోదు రేపటి నుంచి."

వారం తిరగకుండా దోంగ్‌ఖే ముసలివాళ్ళు పొద్దున్నే తెల్లబట్టలు కట్టుకుని, పడకల మీద తలగడలు ఎత్తుగా వేయించుకుని, చుట్టాల కోసం ఎదురుచూడడం మొదలుపెట్టారు. పిల్లలు పలకరించని కొందరికి ఆయుర్దాయం కూడా పెరిగింది. మూడో మళ్ళు దొడ్ల వెనక నుంచి బయటికి వచ్చి, కంచెలు దాటి, ఎర్రనది వైపు నడక సాగించాయి. హరిత హృదయం వాళ్ళు వంకర చిల్లులు కొట్టే కొత్త యంత్రం తెచ్చారు. అది కొన్ని ఆకులను అసలు ముట్టుకోకుండా వదిలేస్తుందట, సహజంగా ఉండడానికి.

ఊళ్ళో తమ తిండికి పండించుకోవడానికి ఇక చోటు మిగల్లేదు.

దియెప్ తాను పీకిన మొక్కల్లో కొన్ని వేళ్ళు నీళ్ళలో వేసి, మోటార్‌సైకిలు వెనక కట్టుకుని హనోయ్ తీసుకెళ్ళింది. ఐదో అంతస్తు బాల్కనీలో, చేపలు అమ్మేవాళ్ళు పారేసిన రెండు థర్మోకోల్ పెట్టెల్లో మట్టి పోసి నాటారు. ఒక పెట్టె కటకటాల దగ్గర, రోడ్డు దుమ్ము మీద పడేలా. ఇంకోటి వంటింటి కిటికీ కింద, వానచినుకు మాత్రమే పడేలా. ఎవరు పెట్టమన్నారు అలా? ఎవరూ పెట్టమనలేదు. రెండు పెట్టెలున్నాయి, రెండు చోట్లున్నాయి, అంతే. కిటికీ కింద పెట్టెలో, ఎలా వచ్చిందో, ఒక పురుగు కూడా చేరింది. దియెప్, ఖాయ్ ఆదివారాలు వచ్చి దాన్ని చూసి వెళ్తుండేవారు.

ఒక ఆదివారం గుమ్మంలో థోవా ప్రత్యక్షమైంది. నల్లబట్టలు కట్టుకుంది. ఒక చేతిలో అగరొత్తుల కట్ట, ఇంకో చేతిలో ఖాళీ సంచి.

"వదినగారూ," అంది, కళ్ళు ఒత్తుకుంటూ, "ఇవాళ మీ ఇంట్లో ఎవరిదైనా తద్దినమా?"

ఇంట్లో ఎవరిదీ తద్దినం కాదు. హ్వే వియ్యపురాలి వైపు చూసింది, ఖాళీ సంచి వైపు చూసింది, కూతురి వైపు చూసింది. హ్వే కత్తెర తీసుకుని బాల్కనీలోకి వెళ్ళింది. కటకటాల దగ్గర ఒక్క క్షణం ఆగింది. తరవాత కిటికీ వైపు తిరిగి, పెట్టెలో ఉన్నదాంట్లో సగం కోసి, థోవా సంచిలో వేసింది. "మా అమ్మది వచ్చే నెల. ఇవాళే వెలిగించండి, ఆవిడేం అనుకోదు," అంది.

దియెప్ సంతోషంతో అత్తనీ అమ్మనీ చెరో చేత్తో వాటేసుకుంది. పెళ్ళైనప్పటి నుంచి అంత పెద్ద చిన్న సంతోషం ఆమెకు కలగలేదు.

అప్పుడు మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడింది. నాలుగో అంతస్తు ఆవిడ, ఆవిడ వెనక మూడో అంతస్తు, వాళ్ళ వెనక కొళాయిల మరమ్మతు చేసే అతను, అందరూ నల్లబట్టల్లో, అగరొత్తులతో. "పెద్దావిడ తద్దినమట కదా! మేం మీకు ఏళ్ళ తరబడి చుట్టాలం!"

హ్వే కత్తెర తీసుకుని కటకటాల దగ్గరి పెట్టె వైపు వెళ్ళింది. ఇక లుక్ గారు, భార్య చెప్పకుండానే, బీరువా సొరుగు లాగి, రిటైరైన రోజున గుర్తుగా ఇంటికి తెచ్చుకున్న టిక్కెట్ల చిల్లుల కత్తెర తీసి, నూనెచుక్క వేసి, ఒకటి రెండుసార్లు నొక్కి చూసుకుని, నున్నటి ఆకుల ముందు కూర్చున్నాడు.

రేపు పొద్దున్న మీ వీధిలోకి కూరల బండి వస్తుంది. బండి మనిషి మిమ్మల్ని "అక్కా" అనో "బాబాయ్" అనో నోరారా పిలుస్తాడు. పిలవగానే మురిసిపోయి సంచి పట్టకండి. ఏ మడి అక్కయ్యో, ఏ మడి బాబాయో అడిగి తెలుసుకోండి. అతను చెప్పలేకపోతే, మీ ఇంటి కిటికీ కింద పెట్టె ఎవరి కోసం పెంచుతున్నారో మీరు చెప్పండి.